నూట పది బై డెబ్బై

"పక్కకి తిప్పండి. నాలుక కొరుక్కుంటోంది," అంది మమ్మల్ని కాలేజీ నుంచి తెచ్చిన మేడమ్.

నేను భుజాలు పట్టుకున్నాను. మేమంతా పొడుగు అని పిలిచే నా క్లాసువాడు నడుం పట్టుకున్నాడు. ఎనిమిదో నెల గర్భిణిని ఎడమ పక్కకి తిప్పడానికి మా ఇద్దరి బలం చాల్లేదు. ఆమె ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయి, మరుక్షణం కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇనప బల్ల కాళ్ళు నేల మీద గీరుకుంటూ గోడ దాకా జరిగిపోయాయి. తల నుంచి కాళ్ళ దాకా క్వారీ దుమ్ముతో తెల్లబారిన ఆమె మొగుడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావచ్చో లేదో తెలియక ఒక కాలు ఎత్తి మళ్ళీ దించాడు.

మేడమ్ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి ఎక్కించింది. అందరం ముల్లు వైపే చూశాం.

నూట తొంభై బై నూట ఇరవై.

"కార్డు," అంది మేడమ్, చెయ్యి చాపి.

కేంద్రంలో పనిచేసే అక్క ట్రేలోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. నాలుగు వారాలు, నాలుగు గళ్ళు, ముత్యాల్లాంటి అక్షరాలు. నూట పది బై డెబ్బై. నూట పది బై డెబ్బై. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

"ఇది మనిషి బీపీయా, ఇంటి నంబరా?" అంది మేడమ్.

నేను ఇంకాస్త గట్టిగా భుజాలు పట్టుకున్నాను. చేతులకి పని ఉంటే మొహం ఎవరికీ కనపడదు.

మూర్ఛ ఆగడానికి మెగ్నీషియం రెండు తుంట్లకీ ఎక్కించాం. పదిహేను నిమిషాలకి ఒళ్ళు వదులైంది కానీ కళ్ళు తెరవలేదు. పాదాలు ఎంత ఉబ్బాయంటే, వేలితో నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. ఆ వాపు నిన్నటిది కాదని మొదటి ఏడాది విద్యార్థి కూడా చెప్పగలడు. మేము ఆఖరి ఏడాది వాళ్ళం.

అంబులెన్సు వచ్చింది. పెద్దాసుపత్రి రెండు గంటల దారి. మేడమ్, మొగుడు ఆమెతో పాటు ఎక్కారు. తలుపు వేసే ముందు మేడమ్ మా అయిదుగురినీ, అక్కనీ వరసగా చూసింది. మధ్యాహ్నం మూడింటికి జిల్లా నుంచి ఆఫీసరు వస్తాడనీ, తాను ఫోన్ చేసి చెప్పేశాననీ, కార్డు ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి ఒకే ఒక్క మాట అంది.

"ఇది ఎవరు చేశారో నాకు తెలియాలి."

టైము తొమ్మిదిన్నర. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ వరండాలోనే ఉంది. ఆ మనిషిని నేనే.

* * *

ఆ కొండ కింద, రాళ్ళు కొట్టే వాళ్ళ కాలనీలో మూడు వందల ఇళ్ళున్నాయి. డాక్టరు లేడు. పోస్టింగు ఇచ్చిన ప్రతివాడూ నెల తిరక్కుండా బదిలీ చేయించుకునేవాడు. అందుకే మా కాలేజీ వాళ్ళు, డాక్టర్లు రాకపోతే డాక్టర్లు కాబోయే వాళ్ళనైనా పంపుదాం, ఇక్కడ పని నేర్చుకున్న వాళ్ళలో ఒక్కరైనా ఇలాంటి చోట ఉండిపోతారని మమ్మల్ని ఆరు వారాల శిక్షణకి తెచ్చారు. పొద్దున్న ఇళ్ళ చుట్టూ తిరగడం, మధ్యాహ్నం కేంద్రంలో చూడడం. కేంద్రమంటే రెండు గదులు, ఒక రేకుల వరండా, అక్క.

అక్క నర్సు కాదు. ఏడాదికోసారి కాగితం మీద పొడిగించే ఆరోగ్య కార్యకర్త ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే కాగితం, అదే అక్క. కాలనీలో ఎవరింట్లో ఎవరికి ఏ మాత్ర ఎన్నింటికో ఆమెకి నోటికి వచ్చు. మాకు పేర్లు పెట్టింది కూడా ఆవిడే. గుమ్మానికి తల కొట్టుకున్న వాడు పొడుగు. పక్క వరస చూసే ముగ్గురూ ఎప్పుడూ కలిసే తిరుగుతారని త్రిమూర్తులు. నేను తొందర. అందరికంటే ముందు ఇళ్ళు పూర్తిచేసి వచ్చేదాన్ని కదా. ఆ పేరు విని నేను గర్వపడేదాన్ని.

మాకో పద్ధతి ఉండేది. మేడమ్ పెట్టింది కాదు, మాకు మేము పెట్టుకున్నది. ఇళ్ళు చూసి వచ్చి వరండా మెట్ల మీద కూలబడేవాళ్ళం. అక్క లోపల కిటికీ దగ్గర కార్డుల ట్రే పెట్టుకుని కూర్చునేది. మేము బయట నుంచి ఇంటి నంబరూ, అంకే అరిచేవాళ్ళం. ఆవిడ రాసుకునేది. మొదటి వారం మా రాతలు చూసి ఆవిడ దణ్ణం పెట్టింది. "ఇవి చదవాలంటే జాతకాలు చూసే వాణ్ణి పెట్టుకోవాలి నాయనా, మీరు చెప్పండి, నేను రాస్తా," అంది. కార్డు చివర 'చూసిన వారు' అని ఒక గడి. విద్యార్థుల సంతకం చెల్లదు. ఖాళీగా వదిలితే పై ఆఫీసు నుంచి తిరిగొస్తుంది. అందుకని అక్కే తన పొట్టి సంతకం గీసేది.

కాబట్టి కాగితం ప్రకారం ఆ గర్భిణిని నాలుగుసార్లు చూసింది అక్క. నాలుగుసార్లు తప్పు రాసింది అక్క.

* * *

పొడుగు నన్ను నీళ్ళ ట్యాంకు వెనక్కి రమ్మని సైగ చేశాడు. పై వరస మా ఇద్దరిది. మెట్లకి కుడి పక్క ఇళ్ళు వాడివి, ఎడమ పక్కవి నావి. ఆ గర్భిణి ఇల్లు ఎడమ పక్క ఆఖరిది.

"నువ్వు చూడలేదు కదా?" అన్నాడు.

వాడికి నా జవాబు అక్కర్లేదు.

మొదటి వారం వెళ్ళాను. ఆ మాట నిజం. రెండు వందల పన్నెండు మెట్లెక్కి వెళ్ళాను. ఆ ఇంటి వెనక గోడకి ఇరవై గజాల్లో రాయి పిండిచేసే మిషను. గోడ వణుకుతుంది, గిన్నెలు వణుకుతాయి, మనం కూర్చున్న పీట వణుకుతుంది. పట్టీ చుట్టి, స్టెత్ పెట్టి, గాలి వదిలాను. ఏమీ వినపడలేదు. మళ్ళీ పెట్టాను. మిషను తప్ప ఏమీ లేదు. మూడోసారి కూడా. ఆమె నవ్వుతూ చూస్తోంది. నా కంటే రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. "వినపడిందా డాక్టరమ్మా?" అంది. క్లాసులో మొదటి ర్యాంకు నాది. వినపడలేదు అనడానికి నోరు రాలేదు. ఆ అంకె పుస్తకంలోంచి వచ్చింది, నూట పది బై డెబ్బై అని. మంచిదేనా అని అడిగింది. చాలా మంచిది అన్నాను. ఆమె సంతోషంగా కడుపు నిమురుకుంది.

రెండో వారం కుళాయి మలుపు దాకా వెళ్ళాను. అక్కడి నుంచి ఆమె పెరడు కనపడుతుంది. చెయ్యి ఊపింది, ఊపాను. మూడో వారం తలనొప్పిగా ఉందని కేక వేసింది. ఎండకి అని, నీళ్ళు బాగా తాగమని చెప్పాను. నాలుగో వారం మలుపు దాకా కూడా పోలేదు.

పొడుగు చెప్పిన సలహా తేలికైంది. నోరు మూసుకుంటే చాలట. రాసింది అక్క, సంతకం అక్కది, మనం పది రోజుల్లో ఇక్కణ్ణుంచి పోతాం, ఒక్క మాట బయటపడిందంటే డిగ్రీ ఆగిపోతుంది.

"అక్క ఉద్యోగం పోతుంది," అన్నాను.

"నీది పోవడం కంటేనా?" అని, "నేనూ రెండిళ్ళలో అలాగే చెప్పాను. నాకూ వినపళ్ళేదు. వాళ్ళకేం కాలేదు, అంతే తేడా," అన్నాడు.

వాళ్ళకేం కాలేదని నీకెలా తెలుసు అని అడిగాను. వాడు తిరిగి నేరుగా అక్క దగ్గరికి నడిచాడు, వెనకే నేను.

* * *

పొడుగు సంగతి చెప్పగానే అక్క అడిగింది ఒక్కటే, ఏ రెండిళ్ళు అని. ఎందుకని అడగలేదు. ఇప్పుడు వెళ్ళినా లాభం లేదనీ, ఒంటిగంటకి మిషను అరగంట ఆపుతారనీ, ఆ అరగంటలోనే పై వరస చూడాలనీ చెప్పింది. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ అలాగే చూస్తోందట. మిషను ఆగకపోతే ముంజేతి నాడి పట్టుకుని, గాలి వదులుతూ, నాడి తిరిగి తగిలిన చోట పై అంకె చూసుకుంటుందట. మాకు ఆ పద్ధతి రెండో ఏడాదిలోనే నేర్పారు. పరీక్షలో రాశాను కూడా. మార్కులు పూర్తిగా వచ్చాయి.

"మాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు పొడుగు.

"మీరు అడిగారా? రోజూ అంకెలు తెచ్చి ఇస్తుంటే వినపడుతోందనుకున్నా. కుర్ర చెవులు కదా."

ముగ్గురం మెట్లెక్కాం. సగం దారిలో మిషను ఆగింది. ఒక్కసారిగా కొండంతా నిశ్శబ్దం అయిపోయి, ఎవరింట్లోనో గరిట చప్పుడు వినపడింది.

మొదటి ఇంట్లో బాలింత బాగానే ఉంది. రెండో ఇంట్లో ముసలాయన. రాళ్ళు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడైన మనిషి. కార్డు మీద నూట ఇరవై ఉంది. ఈసారి పట్టీ నేనే చుట్టాను. ప్రతి చప్పుడూ స్పష్టంగా వినపడింది, గోడ గడియారంలా. నూట డెబ్బై ఎనిమిది. పొడుగు ఆ అంకె విని గుమ్మం బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. అక్క తన సంచీలోంచి మాత్రలు తీసి, సగానికి విరిచి, ఎలా వేసుకోవాలో ముసలాయనకి చెబుతోంది. ఆయనేమో, రెండు వారాల నుంచి కళ్ళు తిరుగుతున్నాయే అమ్మాయ్, ఆ మాట చెబితే ఆ పొడుగాటి డాక్టరు గుర్రంలా ఉన్నావు తాతా అన్నాడు అని నవ్వాడు. పొడుగు తల ఎత్తలేదు.

ఇంకా పది నిమిషాలుంది. అక్క ఎడమ పక్కకి నడిచింది. ఎక్కడికని అడగాల్సిన పని లేదు.

ఆ ఇంట్లో గర్భిణి అత్త మూడేళ్ళ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలికి ఎలా ఉందని అడిగింది. ఇంకా కబురు రాలేదని అక్క చెప్పింది. గోడకి మేకు, మేకుకి ఇంటి కార్డు. దాని మీద మా నాలుగు వారాలూ ఖాళీ. ఇంటి కార్డు అక్కడికి వెళ్ళి చూసిన వాళ్ళే రాయాలి. నేను మొదటి రోజు కూడా రాయలేదు. చేతికి అబద్ధం రాయడం ఇంకా అలవాటు కాలేదేమో.

ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. కోపంగా చూస్తుందనుకున్నాను. లేచి, చీర చెంగుతో పీట తుడిచి నా ముందు పెట్టింది.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. తలనొప్పి అన్నప్పుడల్లా నీళ్ళు తాగించాను. వద్దన్నా వినలేదు, డాక్టరమ్మ చెప్పింది తాగు అని బిందెలు బిందెలు తాగించాను. ఇంకా ఏమైనా చెయ్యాల్సిందా?"

ఆ పీట మీద నేను కూర్చోలేకపోయాను. నిలబడలేకపోయాను కూడా. నువ్వు తప్పేం చెయ్యలేదని చెప్పాలి. అది చెబితే మరి తప్పెవరిదో కూడా చెప్పాలి. అందుకని ఏమీ చెప్పలేదు. మా ఇద్దరి మధ్యా ఆ పాప కూర్చుని నా మెడలో స్టెత్ పట్టుకుని లాగుతోంది.

అక్క మేకు మీంచి కార్డు తీసి, ఆ ఖాళీ గళ్ళు చూసి, సంచీలో పెట్టుకుంది. మిషను మళ్ళీ మొదలైంది.

* * *

దిగేటప్పుడు పొడుగు ముందు పోయాడు. అక్క నా పక్కనే, మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుంటూ దిగింది. నేను ఏదైనా అంటానేమోనని చూసింది. నేను మెట్లు లెక్కపెడుతున్నాను. నూట నలభై దగ్గర ఆవిడే మాట్లాడింది.

"చూడకుండా సంతకం పెట్టడం నా తప్పే. పెద్దదాన్ని. నా తప్పు నాకుంది," అంది.

అంటే ఏమిటో నాకు అర్థమైంది. తానే మోస్తానంటోంది. ఆ క్షణంలో నాకు ఏడుపు రావాలి, కాళ్ళ మీద పడాలి. నాకు హాయిగా అనిపించింది. మెడ మీంచి బరువు దించినంత హాయిగా. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు మొత్తంలో నేను ఎవరికీ చెప్పుకోలేనిది ఆ అబద్ధపు అంకెలు కాదు. ఆ హాయి.

* * *

ఆఫీసరు మూడింటికి ముందే వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదగా మాట్లాడతాడు, కుర్చీ ఇస్తే దుమ్ము చూసి నిలబడే ఉన్నాడు. టైపు చేసిన కాగితం వెంట తెచ్చుకున్నాడు. విచారణ కంటే ముందే తీర్పు తయారుగా ఉంది, కింద సంతకం చోటు ఒక్కటే ఖాళీ. అక్క పొడిగింపు ఆ రోజుతో రద్దు.

ఆయన అడగడం మొదలుపెట్టే లోపే మేడమ్ ఫోన్. ఆయన విని, మాకు చెప్పాడు. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. కేజీన్నర లేదు, గాజు పెట్టెలో పెట్టారు. తల్లికి ఇంకా తెలివి రాలేదు. వచ్చాక చూపు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

తర్వాత కార్డు బల్ల మీద పెట్టాడు. ఈ రాత ఎవరిదని అడిగాడు. నాదేనంది అక్క. సంతకం? అదీ నాదే. ఆమెని మీరే చూశారా అంటే, చూడలేదంది. మరి అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

"పిల్లలు చెప్తే రాస్తాను సార్."

"ఏ పిల్లలు?"

"అందరూ ఒక్కసారే అరుస్తారు సార్. సంతలో కూరగాయలోళ్ళలా. ఎవరు ఏది అన్నారో గుర్తుండదు."

మూడు వందల ఇళ్ళ మాత్రలు గుర్తున్న మనిషి ఆ మాట అంటుంటే వరండాలో ఒక్కళ్ళం కూడా ఆవిడ వైపు చూడలేదు.

ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. త్రిమూర్తులు ముగ్గురూ తెలీదన్నారు. వాళ్ళకి నిజంగానే తెలీదు. పొడుగు, తెలీదు సార్ అని రెండుసార్లు అన్నాడు. నా వంతు వచ్చింది. ఆయన కళ్ళు నా మీద ఆగాయి. నువ్వా, మొదటి ర్యాంకు అమ్మాయివి, మీ మేడమ్ చెప్పింది, నువ్వైనా చెప్పు అన్నాడు.

"నాకు తెలీదు సార్," అన్నాను.

అది అయిదో అబద్ధం, అన్నిటికంటే తేలిగ్గా వచ్చింది.

ఆయన నిట్టూర్చి కాగితం అక్క ముందుకి జరిపాడు. అందినట్టు సంతకం పెట్టమన్నాడు. అక్క కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. కాగితం అంతా నిదానంగా చదివింది. కలం తీసుకుని, మూత తీసి, ఆగింది.

"రేపు పై వరసకి ఎవరు వెళ్తారు సార్?"

ఆయనకి అర్థం కాలేదు.

"పై వరసలో ముసలాయనకి ఇవాళే మాత్రలు మొదలెట్టా. రేపు మళ్ళీ చూడాలి. చూడకపోతే ఆయన కూడా పడిపోతాడు."

ఈ విద్యార్థులున్నారుగా అన్నాడు ఆఫీసరు.

"ఉన్నారు. మంచి పిల్లలే. ఒంటిగంటకి వెళ్ళమనండి సార్, మిషను ఆపినప్పుడు. గోలలో వాళ్ళకి వినపడదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడతారు. చిన్నవాళ్ళు కదా, మీరే కాస్త గట్టిగా చెప్పండి."

మమ్మల్ని చూడకుండానే అంది. పోయే ఉద్యోగం గురించి ఒక్క మాట లేదు. మర్నాటి డ్యూటీ అప్పజెప్పేసి, కాగితం మీదికి వంగి, తన పొట్టి సంతకంలో మొదటి అక్షరం మొదలుపెట్టింది.

నా కాళ్ళు కదిలాయి. నేను అనుకుని వేసిన అడుగులు కావవి. బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం మీద చెయ్యి పెట్టాను. కలం నా వేళ్ళకి గీరుకుంది. పొడుగు వెనక నుంచి సన్నగా, వద్దు అన్నాడు. అక్క తల ఎత్తి, "తొందరా, చెయ్యి తియ్యి," అంది.

తియ్యలేదు. ఆఫీసరు ఏంటమ్మా అన్నాడు. వరండా గుమ్మం దగ్గర అప్పటికి కాలనీ జనం పోగయ్యారు. వాళ్ళలో ఆ గర్భిణి అత్త, చంకలో పాపతో. కోడలి కబురు కోసం దిగి వచ్చినట్టుంది. ఆమెకి కూడా వినపడాలని, క్వారీ చప్పుడు మీదుగా, గట్టిగా చెప్పాను.

"ఆ ఇల్లు నాది సార్. నాలుగు వారాలు నాదే. మొదటి వారం నాకు వినపడలేదు, వినపడిందని చెప్పాను. ఆ తర్వాత వెళ్ళనే లేదు. తలనొప్పి అని ఆమె చెప్తే నీళ్ళు తాగమన్నాను. ఆ అంకెలు కిటికీ బయట నుంచి నేను అరిచాను, అక్క రాసింది. ఆమెని ఇలా చేసింది నేనే."